ఊరు దాటని సైకిలు

మా ఇంట్లో సైకిలుకు ఒక్కటే చక్రం. అదీ నేలకు తగలదు. హ్యాండిల్ నడుమ అరచేయంత తెర, ఆ తెర మీద నాలుగు అంకెలు: కాళ్ళు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయి, ఎన్ని వాట్ల పని జరుగుతోంది, బిగింపు నాబ్ ఏ నంబరు మీద ఉంది, గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోంది. కిలోమీటర్లు కూడా చూపిస్తుంది గాని వాటిని నేను పట్టించుకోను. గదిలోంచి కదలని మనిషికి పన్నెండు కిలోమీటర్లు పోయావని చెప్పే యంత్రం రేపు ఇంకేమైనా చెప్తుంది.

ఆలేరు లాంటి ఊళ్ళో ఉంటూ ఇంట్లో సైకిలు తొక్కడమేమిటని అడిగేవాళ్ళున్నారు. రోడ్డు లేక కాదు. ఉన్న రోడ్డు హైదరాబాదు–వరంగల్ హైవే. దాని మీద లారీల పక్కన సైకిలు తొక్కితే గుండె వేగం తొక్కుడు వల్ల పెరిగిందో భయం వల్ల పెరిగిందో తేల్చడం కష్టం. కొలనుపాక దారి మంచిది. జైన మందిరం దాకా ఆరేడు కిలోమీటర్లు, చలికాలం పొద్దున్నే అయితే నేనూ అటే పోతాను. ఎండాకాలం సంగతి వేరు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరిలోకి వచ్చాం గాని, ఇక్కడి బండరాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియదు. అవి పాత నల్లగొండ లెక్కనే కాలుతాయి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. ఆలేరోళ్ళకు ఫ్యాన్ కింది నీడే గతి.

మా పక్కింటి అవ్వ ఒకనాడు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"యాడిదాక పోయినవ్ బిడ్డా?"

"యాడికి పోలేదవ్వా, ఈడనే ఉన్న."

"మరి గింత చెమటెందుకు?"

ఆమె ఎగతాళికే అడిగింది. కానీ అది భౌతికశాస్త్రం ప్రశ్న. పని జరిగింది, మనిషి కదల్లేదు, మరి ఆ పనంతా ఎక్కడికి పోయినట్టు? తిన్న తిండి నుంచి ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది నాలుగో వంతు, అంతకన్నా కొంచెం తక్కువే. మిగతాదంతా ఒంట్లోనే వేడి. పెడల్ మీద 100 వాట్లు కనిపిస్తున్నాయంటే ఒళ్ళు మరో 300, 350 వాట్ల వేడిని వదిలించుకోవాల్సి ఉంటుంది. పెడల్ దాకా చేరిన ఆ వంద కూడా బయట అయితే గాలిని చీల్చడానికి పోయేది, ఇంట్లో చక్రం దగ్గరి అయస్కాంతాల దగ్గర వేడిగా మారుతుంది. అంతా వేడే, అంతా ఆ గదిలోనే. పైగా బయట తొక్కేటప్పుడు మన వేగమే మనకు గాలి విసురుతుంది. గదిలో ఆ విసురు లేదు. అవ్వ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, నేను ప్రయాణించాల్సిన దూరమంతా చెమటై కారింది.

వాట్ అనగానే మనకు బల్బు గుర్తొస్తుంది. కాలికీ అదే కొలత. 70 కిలోల మనిషి యాదగిరిగుట్ట మెట్లెక్కుతున్నాడనుకోండి. నిమిషానికి 10 మీటర్ల ఎత్తు చొప్పున ఎక్కితే అతని కాళ్ళు చేసే పని సుమారు 114 వాట్లు. పది కిలోల మనవణ్ణి సంకనేసుకొని అదే వేగంతో ఎక్కితే 130 వాట్లు. జేమ్స్ వాట్ గుర్రానికి కట్టిన లెక్క మన వాట్లలో 746. పొద్దంతా ఒళ్ళొంచి పనిచేసే కూలీ మనిషి నిలకడగా ఇవ్వగలిగింది అందులో పదో వంతు, 75 దగ్గర. జిమ్ములో కుర్రాళ్ళు అరనిమిషం పాటు 400 కొట్టి ఫోటో తీసుకుంటారు. అరనిమిషం ఎవరైనా గుర్రమే. గంట గడిచాక చూడాలి.

వాట్లు రెండు అంకెల గుణకారం. ప్రతి చుట్టులో కాలు ఎంత బలంగా నొక్కింది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది. ఈ రెండోదాన్నే కేడెన్స్ అంటారు. 100 వాట్లనే తీసుకుందాం. పెడల్ కడ్డీ పొడవు మామూలుగా ఉండే 170 మిల్లీమీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే పెడల్ మీద సగటున తొమ్మిదిన్నర కిలోల బరువు మోపినంత ఒత్తిడి కావాలి. 90 చుట్లు తొక్కితే ఆరు కిలోల పైచిలుకు చాలు. అరగంటలో మొదటాయన 1,800 చుట్లు తిప్పుతాడు, రెండో ఆయన 2,700. తెర మీద ఇద్దరి వాట్లూ ఒక్కటే. దిగేటప్పుడు చూడండి. మొదటాయన తొడలు పట్టుకొని దిగుతాడు, రెండో ఆయన రొప్పుతూ దిగుతాడు. బరువు లేకపోయినా కాళ్ళను అంత జోరుగా తిప్పడానికే ఒంటికి వేరే ఖర్చుంది, ఆ ఖర్చు గుండె పద్దులో పడుతుంది. తక్కువ వాట్ల దగ్గర ఊపిరి లెక్కన అన్నిటికన్నా చవకైన కేడెన్స్ 50, 60 ప్రాంతంలోనే ఉంటుందని కొలిచి చూసినవాళ్ళు తేల్చారు. అయినా పందెపు సైకిలు వాళ్ళు మామూలుగా 90 దగ్గరే తొక్కుతారు. వాళ్ళు కాపాడుకునేది ఊపిరిని కాదు, తొడ కండరాలను. సాయంత్రం దాకా తొక్కాల్సిన మనిషికి కండరం అలిసిపోతే కథ ముగిసినట్టే. ఊపిరి రెండు నిమిషాల్లో తిరిగి వస్తుంది.

గేరు ఈ గుణకారంలో వాటాలు మార్చే సాధనం. మా చిన్నప్పుడు గంటకింత అని కిరాయికి తెచ్చుకున్న సైకిళ్ళకు గేర్లు లేవనుకునేవాళ్ళం. నిజానికి ఒక్కటుండేది. ముందు పళ్ళ చక్రానికి 44, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు అనుకుందాం. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు, 28 అంగుళాల టైరు కాబట్టి బండి సుమారు అయిదున్నర మీటర్లు ముందుకు. నిమిషానికి 60 తొక్కితే గంటకు 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎదురుగాలి వచ్చినా, ఎత్తు వచ్చినా అదే నిష్పత్తి. అందుకే లేచి నిలబడి ఒళ్ళు బరువంతా పెడల్ మీద వేసేవాళ్ళం, అదీ చాలకపోతే దిగి నెట్టేవాళ్ళం. ఇప్పటి పిల్లల సైకిళ్ళకు ఇరవై ఒక్క గేర్లు. బలం ఏ గేరులోనూ లేదు. మగ్గం ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. కండెలు చుట్టే రాట్నంలో పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. అక్కడ వేగం పెరిగినంత మేర బలం తగ్గుతుంది. రాపిడికి పోయింది పోగా రెండు వైపులా గుణకారం ఒక్కటే.

ఇంటి సైకిలుకు ఆ పళ్ళ చక్రాల వరసలుండవు. దానికి నాబే గేరు. తికమక అంతా ఇక్కడే మొదలవుతుంది. "నాబ్ కదిలించలేదు, కొంచెం జోరు పెంచానంతే, గుండె దడదడలాడింది" అంటారు. ఆ "కొంచెం" ఎంతన్నది సైకిలు రకాన్ని బట్టి ఉంటుంది. చక్రానికి పట్టీనో ముక్కనో ఒరిపించి ఆపే రకంలో ఒరిపిడి వేగాన్ని బట్టి పెద్దగా మారదు. అందులో 60 నుంచి 90కి పోతే వాట్లు ఒకటిన్నర రెట్లు అవుతాయి. అయస్కాంతాల రకంలో అయస్కాంతం చక్రాన్ని తాకదు. తిరిగే లోహంలో సుడి కరెంట్లు పుట్టి అవే వెనక్కి లాగుతాయి. చక్రం ఎంత జోరుగా తిరిగితే అంత గట్టిగా లాగుతాయి. కాబట్టి 60 నుంచి 90కి పోతే వాట్లు రెట్టింపు దాటి రెండుంబావు రెట్లకు చేరొచ్చు. ముందు పెద్ద ఫ్యాన్ ఉండి గాలిని కోసే రకమైతే మూడు రెట్లు దాటిపోతుంది. ఎందుకంటే గాలిని చీల్చే పవర్ వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. ఒకే అలవాటు, మూడు యంత్రాలు, మూడు బిల్లులు. పక్కింటాయన "నేను ఎనిమిదో నంబరు మీద తొక్కుతా" అంటే నవ్వి ఊరుకోండి. ఆయన ఎనిమిదికీ మన ఎనిమిదికీ చుట్టరికం లేదు.

ఇంకో జాతి ఉంది, కంప్యూటర్‌కు కలిపే స్మార్ట్ ట్రైనర్లు. 150 వాట్లని చెప్తే అవి 150 దగ్గరే పట్టి ఉంచుతాయి. మనం నీరసపడి కేడెన్స్ తగ్గిస్తే అది ఆ మేరకు బిగుస్తుంది. బిగుసుకుంటే ఇంకా నెమ్మదిస్తాం, ఇంకా బిగుస్తుంది, చివరికి కాళ్ళు ఆగిపోతాయి. జాలి లేని గుణకారం.

ఇక గుండె. వాట్లు కాలు పెట్టిన క్షణానే కనిపిస్తాయి. గుండె అలా రాదు. పని పెరిగిందని తెలిసి నిలకడకు రావడానికి దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మనం ఆగాక కూడా కాసేపు పాత జోరులోనే ఉంటుంది. అందుకే అరనిమిషం దంచి అరనిమిషం ఆగే తొక్కుడులో గుండె అంకె చూసి ఏమీ తెలుసుకోలేం. అది ఎప్పుడూ ముందు అరనిమిషపు వార్తే చదువుతుంటుంది.

ఈ గుణకారం గుండె లోపలా ఉంది. విశ్రాంతిలో గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్ల రక్తం తోస్తే నిమిషానికి అయిదు లీటర్లు. దెబ్బల సంఖ్య దాని కేడెన్స్, దెబ్బకు తోసేది దాని గేరు. నెలల తరబడి క్రమంగా తొక్కినవాళ్ళకు గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయగలుగుతుంది, కాబట్టి తక్కువ దెబ్బలు చాలు. బాగా సాధన చేసినవాళ్ళకు విశ్రాంతిలో 50 లోపు ఉండటం వింతేమీ కాదు. ఎండాకాలం దీనికి తలకిందులు. చెమట పోయి రక్తంలో నీరు తగ్గుతుంది, చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, గుండెకు తిరిగి వచ్చేది తగ్గుతుంది. దెబ్బకు తోసేది తగ్గితే దెబ్బలు పెంచడం తప్ప దానికి దారి లేదు. మే నెలలో మా గదిలో నలభై నిమిషాలు అవే వాట్ల మీద తొక్కితే గుండె అంకె మొదటి పది నిమిషాల మీద పది పదిహేను పెరిగి ఉంటుంది. కాళ్ళు ఒక్క వాట్ కూడా ఎక్కువ ఇవ్వలేదు, ఎండే ఆ అంకె పెంచింది. గోడ మీద "గుండె వేగం ఇంత దాటితే కొవ్వు కరుగుతుంది" అని పట్టీ అంటించే జిమ్ములు ఈ సంగతి చెప్పవు. ఫ్యాన్ కట్టేసి అవే వాట్లు తొక్కినా గుండె ఆ అంకె దాటొచ్చు.

గరిష్ఠ వేగానికి అందరూ వాడే సూత్రం 220లోంచి వయసు తీసేయడం. 2001లో తనక బృందం 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయమంది. నలభై ఏళ్ళ దగ్గర రెండూ 180కే వస్తాయి. అరవై ఏళ్ళకు మొదటిది 160, రెండోది 166. మనుషులు మాత్రం సూత్రానికి అటూ ఇటూ పది, పన్నెండు తేడాతో ఉంటారు, ఇంకా ఎక్కువ ఉన్నవాళ్ళూ తక్కువేం కాదు. కాబట్టి ఆ అంకెను లక్ష్మణరేఖ అనుకోవద్దు. ఇంకొకటి. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గోలీలు వేసుకునేవాళ్ళు మా వీధిలోనే ఎంతమందో. ఆ గోలీల పనే గుండె వేగాన్ని కట్టడి చేయడం. వాళ్ళు ఎంత తొక్కినా అంకె అంతగా పెరగదు, పెరగలేదని ఇంకా తొక్కుతారు. వాళ్ళకు తెర కన్నా నోరు నయం. తొక్కుతూ రెండు వాక్యాలు మాట్లాడగలిగితే సరే, మాట తెగిపోతుంటే తగ్గించాలి.

ఇంత లెక్క చెప్పాక, ఈ లెక్కకు అందని పని ఒకటి మా మండలంలోనే ఉంది. ఇక్కత్ చీరకు రంగులద్దకముందు నూలును అర్ధచంద్రం లాంటి చట్రం మీది మేకుల చుట్టూ పోగు పోగుగా తిప్పుతూ పోవాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఆ పని ఇంటి ఆడవాళ్ళది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. అయిదు గంటలే అనుకుంటే నిమిషానికి 30. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. చేతి కేడెన్స్ 30, నిలకడగా, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా. పోగు బరువెంత? ఏమీ లేదు. అక్కడ వాట్ మీటర్ పెడితే అంకె కదిలీ కదలనట్టు ఉంటుంది. పల్స్ చూసినా పరుగెత్తే మనిషి పల్స్ రాదు. సైకిలు తెర ఆ పనిని చూస్తే "తేలిక" అని రాస్తుంది. కానీ ఆసు పోసిన ఆడవాళ్ళ భుజం కీళ్ళు పోయాయి, కళ్ళు పోయాయి.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడిన బాధ అదే. ఆయన ఆరో తరగతితో బడి మానేశాడు. 1992లో ఆసు యంత్రం తయారీకి కూర్చున్నాడు, అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఆయన కథలో లెక్క ఒకటి నాకు ముఖ్యం. లక్ష్మీ ఆసు యంత్రం చుట్ల సంఖ్యను తగ్గించలేదు. చీరకు ఆ తొమ్మిది వేలూ కావాల్సిందే. చేసేవాళ్ళను మార్చిందంతే, భుజం స్థానంలో మోటారు. చీరకు గంటన్నరలో పని అయిపోతుంది.

ఆసు సంగతి తెలిసిన కన్నుతో మా ఇంటి తెర చూస్తే దానిలో ఉన్న లోటు కనిపిస్తుంది. అది గుణకారం ఫలితం చూపిస్తుంది, బిల్లు కట్టేవాళ్ళలో ఒక్క గుండెనే చూపిస్తుంది. మోకాలికి అంకె లేదు. నాబ్ బిగించి 50 మీద ఈడ్చేవాళ్ళకు పల్స్ ముద్దుగా 115 చూపిస్తుంటే మోకాలి చిప్ప వెనక లోలోపల సంగతి వేరు. సీటు మరీ కిందికి పెట్టుకుంటే ఇంకా నష్టం. పెడల్ అడుక్కి పోయినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. మా దగ్గర యాభై దాటిన వాళ్ళకు నేను చెప్పే మాట ఒక్కటే. నాబ్ తగ్గించండి, చుట్లు 70, 80 దగ్గర పెట్టండి. రొప్పు వస్తే కాసేపట్లో సర్దుకుంటుంది, కీలు అరిగితే అది మళ్ళీ పెరగదు.

మరి ఏ అంకెను నమ్మాలి? 1954లో స్వీడన్‌లో ఆస్ట్రాండ్, రీమింగ్ అనే ఇద్దరు దీనికి సులువైన దారి చూపించారు. నిలబెట్టిన సైకిలు, నిమిషానికి 50 చుట్లు, మార్చని బరువు, ఆరు నిమిషాలు. చివర్లో పల్స్ చూసి మనిషి ఊపిరి సత్తువను అంచనా కట్టారు. వాట్లను కట్టేసి గుండెను మాట్లాడనిచ్చారు. మన ఇళ్ళలో ఉన్న యంత్రాల వాట్లు చాలావరకు కొలిచినవి కావు, నాబ్ నంబరూ వేగమూ చూసి వేసిన ఊహలు. అయినా పరవాలేదు. తప్పు చూపించే తక్కెడ రోజూ ఒకే తప్పు చూపిస్తే బరువు పెరిగిందో తగ్గిందో తెలుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఇంట్లో సైకిలు ఉన్నవాళ్ళకు ఒక మనవి. ముందు దాని మీద ఆరేసిన బట్టలు తీయండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే డాక్టర్ని అడగండి. తొక్కుతుండగా ఛాతీలో నొప్పి, దవడ లాగడం, చల్లటి చెమట వస్తే అంకెలు చూడకుండా దిగండి. ఇక నెలకొకసారి, పొద్దున పూట, అదే ఫ్యాన్ కింద, అదే నాబ్ నంబరు, అదే కేడెన్స్, ఇరవై నిమిషాలు తొక్కి, చివరి నిమిషంలో పల్స్ ఎంతుందో క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాసుకోండి. ఎండాకాలం అంకెను చలికాలం అంకెతో పోల్చకండి. మూడు నాలుగు నెలల్లో అది అయిదారు తగ్గితే సైకిలు పనిచేస్తున్నట్టే. తగ్గకపోతే మాత్రం సైకిలు మార్చకండి, వారానికి ఎన్ని రోజులు ఎక్కుతున్నారో లెక్కపెట్టుకోండి.